ఆపరేటరు నళిని రాసిన పుస్తకం

నళినికి పుస్తకం రాయాలన్న ఆలోచన అరవై దగ్గర పడ్డాక వచ్చింది. అంతకుముందు ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదని ఆమే చెబుతుంది. ఇరవై దాటీ దాటకముందే టెలిఫోన్ శాఖలో ట్రంక్ ఆపరేటరుగా చేరింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఫోన్లు నేరుగా కలవని రోజులవి. ఎవరైనా ఆదిలాబాద్‌తోనో కర్నూలుతోనో మాట్లాడాలంటే ముందు ఎక్స్ఛేంజికి చెప్పి కాల్ బుక్ చేసుకోవాలి. బోర్డు ముందు తలకు హెడ్‌సెట్ తగిలించుకుని వరసగా కూర్చున్న ఆడపిల్లలు, అవతలి ఊరి ఆపరేటరును పిలిచి, తీగను బోర్డు రంధ్రంలో గుచ్చి ఇద్దరినీ కలపాలి. బోర్డులు పోయాక నళిని విచారణ విభాగంలో అడిగినవాళ్లకు నంబర్లు చెప్పింది. అదీ తగ్గిపోయాక బిల్లుల కౌంటర్లో కూర్చుంది. శాఖ ముందస్తు రిటైర్మెంటు ఇస్తానన్నప్పుడు అందరితో పాటు సంతకం పెట్టి ఇంటికి వచ్చేసింది.

ఇల్లు చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో, రెండో అంతస్తు. భర్త ఉమాకాంత్‌కు అశోక్‌నగర్‌లో జిరాక్స్ షాపు. చుట్టూ హాస్టళ్లే కాబట్టి సర్కారు పరీక్షలకు చదివే పిల్లలు పొద్దస్తమానం షాపు ముందు నిలబడే ఉంటారు. ఒక్కతే కూతురు సంయుక్త, కవాడిగూడలో కాపురం, బళ్లో టీచరు. ఇంట్లో ఏ లోటూ లేదు. నళినికి మాత్రం మధ్యాహ్నాలు గడిచేవి కావు. అన్నేళ్లుగా చెవిలో ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్న మనిషికి, ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినపడకపోవడం ఎంతకీ అలవాటు కాలేదు.

ఒకసారి పాత ఉద్యోగులంతా నారాయణగూడలో ఒక హాలు తీసుకుని కలుసుకున్నారు. తలా రెండు మాటలు చెప్పమన్నారు. నళిని మైకు ముందుకు వెళ్లి ఆదిలాబాద్ కాల్ సంగతి ఎత్తుకుంది. వానల్లో లైను పాడై, తండ్రీ కొడుకుల్లో ఒకరి మాట ఒకరికి వినిపించలేదు. ఆపరేటర్లకు మాత్రం లీలగా వినిపిస్తోంది. అప్పుడు ఇటు నళిని, అటు ఆదిలాబాద్ ఆపరేటరు వాళ్ల మాటలను తామే అందుకుని చేరవేశారు. "పాసయిండట! మీ కొడుకు పాసయిండట!" అని నళిని అరిచిన అరుపుకు, వరసలో ఉన్న పిల్లలంతా హెడ్‌సెట్లు పక్కకు జరిపి చప్పట్లు కొట్టారట. అది చెప్పి, ఇంకొకటి చెప్పి, మరొకటి చెప్పి ఆమె ఆపేసరికి భోజనాలు చల్లారిపోయాయి. ఒక్కరూ లేవలేదు.

బయటికి వచ్చేటప్పుడు ఎవరో అన్నారు, "ఇవన్నీ రాయరాదు నళినీ. మనం పోతే చెప్పెటోళ్లుండరు."

ఆ మాట ఆమె మనసులో నాటుకుంది. ఇంట్లో కూర్చుంటే వంటిల్లు పిలుస్తుంది, కాలింగ్ బెల్లు పిలుస్తుంది. అందుకని మధ్యాహ్నాలు సెంట్రల్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ కుర్చీ దొరకడమే కష్టం. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు టిఫిన్ డబ్బాలతో సహా వచ్చి పొద్దున్నే చోటు పట్టుకుంటారు. వాళ్ల మధ్య జరీ అంచు నేత చీరలో, కళ్లద్దాలతో కూర్చుని రాసుకుంటున్న ఈమెను చూసి పక్క కుర్చీలో అమ్మాయి కొన్నాళ్లకు ఆగలేక అడిగేసింది.

"ఆంటీ, మీరు ఏ గ్రూప్‌కు ప్రిపేర్ అయితున్నరు?"

"నాకేం పరీక్షలు లేవమ్మా. చేసొచ్చిన నౌకరి గురించి రాసుకుంటున్న."

ఆ అమ్మాయి పెద్ద నిట్టూర్పు విడిచింది. "నౌకరి అయిపోయినంక గూడ ఈడనే కూసోవాల్నా ఆంటీ!"

నళిని నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లి నీళ్లు తాగి వచ్చింది.

అట్లా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాయి. రాసినదంతా టైపు చేయాలంటే ఎట్లా అన్నప్పుడు సంయుక్త ఫోన్‌లో నోటితో చెబితే అదే రాసుకునే ఏర్పాటు చూపించింది. సంయుక్త చెబితే ఆ ఫోన్ సగం మాటలు తప్పు రాసింది. నళిని చెబితే ఒత్తులతో సహా రాసింది.

"అమ్మా, నా మాట ఇంటలేదు గని నీ మాట ఇంటుంది చూడు," అంది సంయుక్త ఉక్రోషంగా.

"నువ్వు క్లాసులో అరిచినట్టు అరుస్తున్నవ్. ఫోన్ల అరవొద్దు. ఒక్కొక్క మాటను మెల్లగ, విడివిడిగ చెప్పాలె." నౌకరీలో కొత్తపిల్లలకు చెప్పినట్టే చెప్పింది నళిని.

అన్ని పేజీలూ ప్రింటు తీశాక, ఒక కాపీ ఇంట్లో ఉంచుకుందామని ఉమాకాంత్ షాపులో జిరాక్స్ చేయమని ఇచ్చింది. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. ఆ రోజు షాపు నుంచి ఆలస్యంగా వచ్చాడు. చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా ఆమె వైపే చూశాడు.

"ఏమైంది? మిషిన్ ఖరాబయిందా?"

"లే. ఒక్కొక్క కాయిదం పెడుతుంటే కండ్లు అటే పోయినయ్. చదువుకుంట కూసున్న. పిల్లలు నిలబడి నిలబడి పక్క షాపుకు పోయిండ్రు." కొంచెం ఆగి అన్నాడు, "నువ్వు డ్యూటీ నుంచి వచ్చినంక మాట్లాడకపోతే కోపమనుకుంటుంటి. గొంతు అలిసిపోయేదని నాకు ఎర్కనే లే."

"నేను గూడ చెప్పలే కద."

"పుస్తకం మంచిగుంది," అని ఆయన తినడం మొదలుపెట్టాడు. ఆ రోజు నళిని పెరుగులో ఉప్పు వేయడం మరిచిపోయినా ఆయన అడగలేదు.

మొదట ఆమె నారాయణగూడలో ఒక పాత ప్రచురణ సంస్థకు వెళ్లింది. కవరు మీద తన పేరు, ఫోన్ నంబరు దగ్గర దగ్గరగా, నీటుగా రాసి కౌంటర్లో ఇచ్చింది. చూసి చెబుతామన్నారు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది. సంక్రాంతి కూడా అయిపోయాక తనే మళ్లీ మెట్లెక్కింది. యజమాని పెద్దమనిషి, మర్యాదగానే కూర్చోబెట్టాడు. కవరు తెరిచినట్టే ఉంది, మొదటి పేజీల్లో అక్కడక్కడ పెన్సిలు గీతలున్నాయి.

"మీ భాష చక్కగా ఉందమ్మా. కాని జీవిత కథ అంటే జనం ఎరిగిన మనిషిది కావాలి. మీరు పెద్ద ఆఫీసరుగా చేశారా?"

"లేదండి. ఆపరేటరుగానే చేసిన."

"అదే చెబుతున్నాను. మీకు రాయడం వచ్చు కాబట్టి వ్యక్తిత్వ వికాసం మీద ఏదైనా రాయండి. ఫోన్‌లో మర్యాదగా మాట్లాడటం ఎలా, అట్లాంటిది. అది వేద్దాం."

నళిని నమస్కారం పెట్టి కిందికి వచ్చింది. ఫ్లైఓవర్ కింద బస్సులు, ఆటోలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. చిక్కడపల్లి దాకా నడిచే వచ్చింది. దారిలో కవరు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూనే ఉంది.

రెండోచోట అంత ఆలస్యం కాలేదు. వాళ్లు వారంలోనే ఫోన్ చేసి, పుస్తకం అద్భుతంగా ఉందనీ, అచ్చు ఖర్చు మాత్రం రచయిత్రి పెట్టుకోవాలనీ, పుస్తకాలన్నీ ఇంటికే పంపిస్తామనీ చెప్పారు. పుస్తకంలో ఏం బాగుందని నళిని అడిగితే, "అంతా బాగుందండి," అన్నారు.

ఉమాకాంత్ వెంటనే ఒప్పుకున్నాడు. "నేను ఇస్త. అచ్చేపిద్దాం. దానికేమున్నది?"

"వద్దు," అంది నళిని. "మన పైసలతోని మనమే ఏసుకొని, మనోళ్లకే పంచుకునుడు ఎందుకు? నేనెవరో తెల్వని మనిషి ఒక్కరు చదవాలె. చదివి, ఇది ఎయ్యాలె అని ఆళ్లకు అనిపియ్యాలె. అనిపియ్యకపోతే మంచిదే. ఇంట్లనే ఉంటది."

మంచిదే అంది కాని, ఆ తర్వాత ఆమె లైబ్రరీకి వెళ్లడం మానేసింది. కవరును బీరువా మీద సూట్‌కేసు కింద పెట్టింది. ఎవరైనా పుస్తకం సంగతి అడిగితే, "చూస్తున్నరు," అనేది.

సంయుక్త ఊరుకోలేదు. కొత్తవాళ్ల మొదటి పుస్తకాలు వేస్తామని ఒక చిన్న సంస్థ ఇచ్చిన ప్రకటన ఫోన్‌లో చూసి, తల్లిని కూర్చోబెట్టి మెయిల్ పంపించింది. పంపాక నళిని ఫోన్ వైపే చూస్తూ, "అటు ముట్టిందా లేదా? ఎట్ల తెలుస్తది?" అని రెండుసార్లు అడిగింది. ముట్టిందని నెల తర్వాత తెలిసింది. ఒకసారి వచ్చి కలవమని జవాబు వచ్చింది. చిరునామా చూస్తే ఆ ఆఫీసు చిక్కడపల్లిలోనే, ఆమె రోజూ కూరగాయలకు వెళ్లే దారిలోనే, టైలర్ షాపు మీది అంతస్తులో ఉంది.

సంస్థ నడిపే మాధురికి నలభై ఏళ్లుంటాయి. గది నిండా పుస్తకాల కట్టలు. ఒక కట్ట కింద పెట్టి నళినికి కుర్చీ ఖాళీ చేసింది. బల్ల మీద నళిని రాతప్రతి ఉంది. దాని అంచున ఎన్నో రంగు కాగితాలు అంటించి ఉన్నాయి.

"మేడం, ముందు నచ్చనివి చెప్తాను, ఏమనుకోకండి," అంది మాధురి. "రూల్సు చాలా రాసిండ్రు. ఏ సెక్షనుకు ఎవరు ఇన్‌చార్జి, ఏ సర్క్యులర్ ఎప్పుడొచ్చింది. అది చదివేవాళ్లకు అక్కర్లేదు. సగం తీసేయొచ్చు."

సగమా అన్నట్టు నళిని రాతప్రతి వైపు చూసింది. కాని మొదటిసారి ఎవరో చివరి పేజీ దాకా చదివారని కూడా అర్థమైంది. "తీసేస్త," అంది.

"ఆదిలాబాద్ కాల్ చదివి నేను ఏడ్చిన. అన్నిటికంటే మంచిది విమల గారి చాప్టర్. కాని అది చివర్లో ఆగిపోయింది మేడం. ఏదో దాచినట్టో, మీకే తెలియనట్టో ఉంది. విమల గారు నిజంగా ఉన్నరా?"

"ఉన్నది. పేరు మార్చిన. అసలు పేరు విజయశ్రీ."

"ఆమెను అడిగిండ్రా, ఇది రాస్తున్నట్టు?"

నళిని తల అడ్డంగా ఊపింది.

"అడగాలి మేడం. పేరు మార్చినా తెలిసినవాళ్లకు తెలిసిపోతుంది కదా. ఆమె సరేనంటే, ఆ చాప్టర్ పూర్తి చేసి, మిగతాది మనం అనుకున్నట్టు చేసుకుంటే, నేను మళ్లీ చదువుతా. వేస్తానని ఇప్పుడు మాటివ్వను. కాని వేయాలని ఉంది."

మెట్లు దిగుతూ నళిని ఆ చివరి మాటను లోపల మళ్లీ మళ్లీ అనుకుంది. కాని విజయశ్రీ దగ్గరికి వెళ్లాలంటే కాళ్లు రాలేదు.

విజయశ్రీ ఆమెకంటే రెండేళ్లు పెద్ద. బోర్డు ముందు పక్క కుర్చీ. నళినికి పని నేర్పింది ఆమే. పెళ్లిళ్లయ్యాక, వేరే వేరే సెక్షన్లకు మారాక కూడా రాకపోకలుండేవి. నాలుగేళ్లుగా మాత్రం నళిని ఫోన్ చేస్తే విజయశ్రీ ఎత్తడం లేదు. ఎప్పుడైనా భర్త జగన్నాథరావు ఎత్తి, "పండుకున్నదమ్మా," అనో, "గుడికి పోయింది," అనో చెప్పేవాడు. ఆమె తిరిగి చేసేది కాదు. ఏదో మనసులో పెట్టుకుందనుకుని నళిని కూడా చేయడం మానేసింది. ఇప్పుడు వెళ్లి, నీ గురించి రాశాను, వేసుకోవచ్చా అని అడగాలి. పైగా రాసింది ఏమంటే, పెళ్లికి ముందు విజయశ్రీ మనసు పడ్డ మనిషి గురించి.

ఆపరేటర్లు ఒకరినొకరు ఊరి పేరుతో పిలుచుకునేవారు. "హలో నిజామాబాద్" అంటే అక్కడ బోర్డు మీద ఎవరుంటే వాళ్లు పలికేవారు. మధ్యాహ్నం డ్యూటీలో అక్కడ ఒక అబ్బాయి ఉండేవాడు. "చెప్పు హైదరాబాద్," అనేవాడు. ఆ గొంతు కోసం విజయశ్రీ తన డ్యూటీలు మార్చుకునేది. లైను ఖాళీగా ఉన్నప్పుడు అక్కడ వాన పడుతోందా, ఇక్కడ ఎండ ఉందా, అంతకంటే పెద్ద మాటలేవీ ఉండేవి కావు. అట్లా ఒక సంవత్సరం గడిచాక అతను హైదరాబాద్ వస్తానన్నాడు. నారాయణగూడ చౌరస్తాలో, నీలం చొక్కా వేసుకుని నిలబడతానన్నాడు. విజయశ్రీ తోడుగా నళినిని తీసుకెళ్లింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నారు. అతను వచ్చాడు. ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. విజయశ్రీ లేవలేదు. చివరికి అతను బస్సెక్కి వెళ్లిపోయాడు. పెద్దల భయం వల్ల లేవలేకపోయిందని నళిని తన పుస్తకంలో రాసి ఆపేసింది.

ఒక ఆదివారం పొద్దున కవరు సంచిలో పెట్టుకుని ఆటోలో రాంనగర్ వెళ్లింది. జగన్నాథరావు తలుపు తీశాడు. ముఖం విప్పారింది. "రామ్మా రా, నళినమ్మా. ఎన్నేండ్లాయె! జర దగ్గరికి పోయి పలకరించు. ఎనక నుంచి పిలిస్తే తెల్వది."

విజయశ్రీ కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నళిని ఎదురుగా వెళ్లి నిలబడ్డాకే తల ఎత్తింది. చేతిలో పళ్లెం పక్కన పెట్టి, లేచి, నళిని భుజాలు పట్టుకుంది.

"విజయక్కా, ఫోన్ చేస్తే ఎత్తవేందే?"

"ఆఁ?"

నళిని మళ్లీ చెప్పింది. విజయశ్రీ ఆమె పెదవుల వైపే చూస్తోంది. అప్పుడు అర్థమైంది నళినికి.

"ఇనబడ్తలేదు నళినీ," అంది విజయశ్రీ, అవసరమైన దానికంటే గట్టిగా. "ఎడమ చెవి మొత్తం పోయింది. కుడిది ఇంత ఉన్నది. మిషిన్ ఇచ్చిండ్రు గని పెట్టుకుంటే రోడ్డు మీది హారన్లన్నీ తలలకొస్తున్నయ్. ఫోన్ ఎత్తితే గరగర తప్ప ఏం లేదు. నీకెట్ల చెప్పాలె? ట్రంక్ ఆపరేటరుకు ఫోన్ ఇనబడ్తలేదంటే నవ్వరా?"

నళిని నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ తనకు వచ్చిన కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

పుస్తకం సంగతి చెప్పడానికి చాలా తంటాలు పడింది. చివరికి కాగితాలు చేతికిచ్చి చదువుకోమంది. విజయశ్రీ తోసేసింది. "కండ్లద్దాలు మార్చాలె, చిన్న అక్షరాలు అలుక్కపోతున్నయ్. నువ్వే చదువు. కుడి దిక్కు కూసొని చదువు."

నళిని కుర్చీ జరుపుకుని మెల్లగా మొదలుపెట్టింది.

"ఇనబడ్తలే."

గొంతు పెంచింది.

"ఇంకింత."

ఇంకా పెంచింది. వంటింట్లో జగన్నాథరావు గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన పెళ్లానికి పెళ్లికి ముందున్న ప్రేమకథను ఆయనకు వినిపించేలా అరిచి చదవాల్సి వస్తుందని నళిని కలలో కూడా అనుకోలేదు. నిజామాబాద్ పేరు రాగానే గొంతు తగ్గించింది. విజయశ్రీ మోకాలి మీద తట్టింది. "మింగకు. సరిగ చదువు." వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నళిని ముఖం వేడెక్కింది. వేరే దారి లేక చదువుకుంటూ పోయింది. నీలం చొక్కా వచ్చింది, హోటలు వచ్చింది, బస్సు వెళ్లిపోయింది. 'పెద్దల భయం ఆమె కాళ్లను కట్టేసింది' అన్న వాక్యంతో ఆగింది.

విజయశ్రీ తల వంచుకుంది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది నళిని. కాదు, నవ్వుతోంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ల నీళ్లు కారేలా నవ్వుతోంది.

"భయమేందే? నాకు ఎవ్వరి భయం? గా గొంతు నాకు తెలుసు గని, నిలబడ్డ ఆ మనిషి ఎవరో నాకు తెల్వదు అనిపించింది. ఎంత చూసినా గా గొంతు ఆయనకు అతుకుతలేదు. పరాయి మనిషి దగ్గరికి లేచి ఎట్ల పోత? కూసున్న. గంతే."

"మరి ఇన్నేండ్లు నాకు చెప్పలేదేందే?"

"అసలుది ఇను. తెల్లారి డ్యూటీల పిలిచిండు. నువ్వు హోటల్ల కూసున్నవ్, నేను చూసిన అన్నడు. ఆకుపచ్చ చీర కట్టుకున్నవ్, సన్నగ, మంచిగున్నవ్ అన్నడు." విజయశ్రీ నళినిని మోచేత్తో పొడిచింది. "ఆకుపచ్చ చీర ఎవరిదే?"

నళిని నోరు తెరిచింది. ఆకుపచ్చ చీర తనది.

"నిన్ను చూసి నేననుకున్నడే! నాకు మండింది. ఆయన మీద కాదు, నీ మీద. ఒక వారం నీతోని సరిగ మాట్లాడలే, యాదికున్నదా? తర్వాత నాకే నవ్వొచ్చింది. ఆయనకు చెప్పేసిన, అది నేను కాదు, నా పక్క సీటు పిల్ల అని. ఆయన గూడ నవ్విండు. నీకు పెండ్లి కుదిరింది గద అప్పటికే, ఎందుకులే అని చెప్పలే. బోర్డు తీసేసే దాక మేం మంచిగనే మాట్లాడుకున్నం. వానలు, ఎండలు."

గుమ్మంలో జగన్నాథరావు రెండు చాయ్ కప్పులతో నిలబడి ఉన్నాడు. నళిని కాగితాలు ఒడిలో బోర్లించింది.

"బావగారూ, మీరు తప్పుగ అనుకోవద్దు..."

"నిజామాబాద్ సంగతి నాకు తెలుసమ్మా, పెండ్లయిన కొత్తల్నే చెప్పింది. ఈ ఆకుపచ్చ చీర సంగతే చెప్పలే," అంటూ కప్పులు కింద పెట్టాడు. పెళ్లాం ఇంకా నవ్వుతూనే ఉంది. ఆమెనే చూస్తూ అన్నాడు, "ఇంట్ల ఈ నవ్వు విని రెండేండ్లయింది నళినమ్మా. చెవులు పోయినంక నోరు గూడ మూసుకున్నది. నీకు పుణ్యముంటది, మిగిలింది గూడ వచ్చి చదివిపో."

వెళ్లేముందు నళిని అసలు విషయం అడిగింది. అచ్చు వేసుకోవచ్చా? పేరు ఎట్లాగూ మార్చాను, విమల అని పెట్టాను అంది.

విజయశ్రీ నవ్వు ఆగిపోయింది. "విమల ఎవరే?"

"నువ్వే. ఎవ్వరికి తెల్వకుండ..."

"ఎందుకు తెల్వొద్దు? నేనేం దొంగతనం చేసిన్నా? ఎన్ని లక్షల మందికి కలిపిచ్చిన, ఒక్కరికన్న నా పేరు తెలుసా? హలో హైదరాబాద్, గంతే. నా పేరు పెట్టు. ఇంటి పేరు గూడ పెట్టు."

నళిని జగన్నాథరావు వైపు చూసింది. "పెట్టమ్మా," అన్నాడాయన. "నా పేరు గూడ ఏడన్న ఒక మూల వస్తే మంచిదే."

ఆ తర్వాత వానాకాలమంతా నళిని వీలున్న మధ్యాహ్నాలు రాంనగర్ వెళ్లింది. ప్రతి అధ్యాయమూ గట్టిగా చదివింది. విజయశ్రీ మధ్యమధ్యలో ఆపేది. "గట్ల కాదు, గా రోజు సూపర్‌వైజర్ లేడు." "ఈ రూలు ఎందుకే, నిద్రొస్తుంది." మాధురి తీసేయమన్నవి చాలావరకు విజయశ్రీ కూడా తీసేయమంది. చదువుతున్నంతసేపూ ఆమె చెవి మిషను పెట్టుకునేది. మొదట్లో విసుక్కుంది. పోను పోను రోడ్డు మీది హారన్లలో నుంచి నళిని గొంతును వేరు చేసి పట్టుకోవడం అలవాటయింది. నళిని అరుపు విని, కొట్లాటేమో అని సందులో ఉండే ఒకావిడ వచ్చి గేటు దగ్గర నిలబడింది. సంగతి తెలిశాక తనూ లోపలికి వచ్చి కూర్చుంది.

మార్చి రాసిన ప్రతిని నళిని ఈసారి మెయిల్ చేయలేదు. తనే తీసుకెళ్లి మాధురి చేతిలో పెట్టింది. "తొందరేం లేదు," అంది. మనస్ఫూర్తిగానే అంది. చివరి అధ్యాయం చదవడం అయిపోయిన రోజు విజయశ్రీ, "ఇగ ఎవ్వరు ఎయ్యకున్నా నాకు పరేషాన్ లేదు, నాకైతే ముట్టింది," అంది. ఆ మాటతో నళినికి లోపల ఏదో కుదుటపడింది.

మాధురి ఫోన్ వచ్చినప్పుడు నళిని చిక్కడపల్లి మార్కెట్లో గోంగూర కట్టలు ఏరుతోంది.

"మేడం, వేస్తున్నం. డిసెంబర్‌లో, బుక్ ఫెయిర్‌కు. ఖర్చంతా మాదే. వినబడుతుందా మేడం?"

"ఇనబడుతుంది," అంది నళిని. "మంచిగ ఇనబడుతుంది." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గోంగూర అమ్మే ఆమె భయపడి, "ఏమయిందమ్మా, ఎవరికన్న బాగలేదా?" అని అడిగింది. నళిని తల అడ్డంగా ఊపి, కట్టలు అక్కడే వదిలేసి అశోక్‌నగర్ వైపు నడిచింది.

షాపు ముందు రద్దీగా ఉంది. ఉమాకాంత్ మిషను మూత తీసి పుస్తకం తిప్పి పెడుతున్నాడు. పిల్లల వెనక నిలబడ్డ భార్యను చూశాడు. ఈ వేళప్పుడు ఆమె షాపుకు రాదు. ముఖం చూసి మూత దించేశాడు.

"ఒప్పుకున్నరా?"

ఆమె తల ఊపింది. ఆయన కౌంటరు పలక ఎత్తి లోపలికి రమ్మన్నాడు. ఉన్న ఒక్క స్టూలు మీద కూర్చోబెట్టాడు. "జర ఆగుండ్రి," అని పిల్లలతో చెప్పి, ఎవరికీ కనబడకుండా అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఆగమంటే ఎప్పుడూ గొణిగే పిల్లలు ఆ రోజు తమంతట తామే వెనక్కి జరిగారు.

డిసెంబర్‌లో పుస్తకం వచ్చింది. బుక్ ఫెయిర్‌లో మాధురి స్టాలు చిన్నది, మూలకుంది. మొదటి రోజు ఎవరూ పెద్దగా ఆగలేదు. ఆదివారం నాడు టెలిఫోన్ శాఖ పాత ఉద్యోగులు గుంపుగా వచ్చారు. ఒకరు తెల్ల జుట్టుకు హెడ్‌సెట్ పెట్టుకున్నట్టు చేతులు పెట్టి ఫోటో దిగారు. జగన్నాథరావు విజయశ్రీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. హాస్టల్ పిల్ల ఒకతె పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి కొంది. నళిని సంతకం పెట్టాక, "విజయశ్రీ గారంటే మీరేనా?" అని పక్క కుర్చీ వైపు తిరిగి అడిగింది. విజయశ్రీకి వినిపించిందో, పెదవులు చూసి పోల్చుకుందో గాని, "నేనే," అని పెన్ను అందుకుంది. ఇంటి పేరుతో సహా మెల్లగా, పూర్తిగా రాసింది.

మనుషులు పలచబడ్డాక, నళిని, ఉమాకాంత్ బయటికి వచ్చారు. ఇందిరా పార్కు పక్క నుంచి చల్లగాలి వీస్తోంది. చేతిలో ఒక్క పుస్తకం తప్ప ఏమీ లేదు.

"రేపు ఏం చేస్తవ్ మరి?" అన్నాడు ఉమాకాంత్.

"రేపా?" నళిని కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. "పది దాక పండుకుంట. ఎవ్వరు లేపొద్దు."

"సరే," అని ఆయన ఆటో కోసం చెయ్యి ఎత్తాడు.